సిగ్గు దాచిన వ్యాధిని తేరిపార చూసిన వైద్యుడు



సంఘంలో రోగులను చూడడానికి వెళ్లినప్పుడు పెద్దవారి మంచం పక్కన మేము తరచుగా వినే మాట నడుము నొప్పి. వయసు మీద పడింది, వాతం చేసింది, చలికి పట్టేసింది అంటారు. మేమూ సరేనని ప్రార్థన చేసి లేచి వస్తాము. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన విషయంలో అదే జరిగింది. ఆయన ఆరు నెలల పాటు నడుముకు నూనె మర్దన చేయించుకున్నారు. మూత్రం సరిగా రావడం లేదన్న సంగతి ఆయనకు, ఆయన భార్యకు తప్ప మూడో మనిషికి తెలియదు. కొడుకుతో చెప్పడానికి నామోషీ. కోడలి ఎదుట ఆ మాటే ఎత్తలేరు. ఇక కాపరితో ఎలా చెబుతారు? చివరికి కాళ్లు నిలవని స్థితిలో ఆసుపత్రికి తీసుకువెళితే, ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన కాన్సర్ వెన్నెముకకు పాకిందని తేలింది.

డాక్టర్లు ఆయనకు మూడు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. కొన్ని వారాలకు నొప్పి సద్దుమణిగింది. కర్ర పట్టుకుని ఆదివారం ఆరాధనకు వచ్చి తన పాత చోటులోనే కూర్చున్నారు. ఆ తరువాత రెండేళ్లకు పైగా మన మధ్య ఉన్నారు. వ్యాధి పూర్తిగా పోలేదు, కానీ ఆ రెండేళ్లలో ఆయన మనవరాలి పెళ్లి చూశారు, తమ్ముడితో ఉన్న పొలం తగాదా తీర్చుకున్నారు, అందరికీ చెప్పవలసిన మాటలు చెప్పుకుని వెళ్లారు.

ఆ రెండేళ్లను ఆయనకు ఇచ్చిన వైద్యానికి మూలం ఎక్కడుందని వెతికితే మేము ఒక పేరు దగ్గర ఆగాము. డాక్టర్ చార్లెస్ బ్రెంటన్ హగ్గిన్స్. 1966లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన శస్త్రవైద్యుడు. ఆయన కన్నుమూసి పాతికేళ్లు దాటింది. మన సంఘాల్లో ఆయన పేరు విన్నవారు అరుదు. ఆయన తెరిచిన దారిలో వచ్చిన మందు తీసుకుంటున్నవారు మాత్రం మన సంఘాల్లోనే ఉన్నారు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు పెడుతున్నాము.

హగ్గిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా రాష్ట్రంలోని హాలిఫాక్స్ అనే రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి మందుల దుకాణదారు. బాలుడు చదువులో చురుకు. దగ్గరలోని వుల్ఫ్‌విల్‌లో ఉన్న అకేడియా కళాశాలలో చేరి 1920లో, ఇంకా 19 ఏళ్లయినా నిండకముందే పట్టా పుచ్చుకున్నారు.

అకేడియా పేరు దగ్గర మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ఆ ప్రాంతపు బాప్టిస్టు సంఘాలు 1838లో స్థాపించిన విద్యాసంస్థ అది. ఆ సంఘాలే 1870లలో మన తెలుగు నేలకు మిషనరీలను పంపాయి. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, టెక్కలి ప్రాంతాలలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పేరుతో వెలసిన గుడులకు, బడులకు, ఆసుపత్రులకు మూలం అక్కడి చిన్న చిన్న పల్లె సంఘాల చందాలు. అలా వచ్చిన మిషనరీలలో పలువురు అకేడియాలో చదివినవారే. ఒకే కళాశాల నుంచి కొందరు ఓడెక్కి ఉత్తరాంధ్రకు వచ్చారు. ఒక కుర్రవాడు దక్షిణంగా బోస్టన్‌కు వెళ్లి హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరాడు. ఆ కుర్రవాడి పని కూడా చాలా ఏళ్ల తరువాత, మరో రూపంలో మన ఊళ్లకు చేరింది.

1924లో హార్వర్డ్‌లో వైద్య పట్టా అందుకునే నాటికి హగ్గిన్స్ వయసు 22. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మూడేళ్లు శస్త్రచికిత్స నేర్చుకున్నారు. 1927లో మార్గరెట్ వెల్మన్‌ను వివాహం చేసుకున్నారు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. అదే సంవత్సరం షికాగో విశ్వవిద్యాలయం కొత్తగా తెరుస్తున్న వైద్య విభాగంలో తొలి అధ్యాపకులలో ఒకరిగా చేరారు. తరువాతి జీవితమంతా దాదాపు అక్కడే గడిచింది. 1946లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పెద్ద పదవి ఇచ్చి పిలిస్తే వెళ్లి, కొద్ది కాలానికే తిరిగి షికాగోకే వచ్చేశారు.

షికాగోలో ఆయనకు అప్పగించిన పని ఆయన ఎంచుకున్నది కాదు. శస్త్రచికిత్స విభాగాధిపతి డల్లాస్ ఫెమిస్టర్ ఆయనను మూత్ర సంబంధ వ్యాధుల విభాగం చూడమన్నారు. ఆ శాఖలో ఆయనకు ప్రత్యేక శిక్షణ ఏమీ లేదు. పైగా అప్పట్లో దానికి పెద్ద గౌరవమూ లేదు. మెదడుకు ఆపరేషన్ చేసే డాక్టరంటే నలుగురూ లేచి నిలబడతారు గానీ, మూత్రానికి గొట్టం వేసే డాక్టరు గురించి ఎవరు గొప్పగా చెప్పుకుంటారు? హగ్గిన్స్ నొచ్చుకోలేదు. ఆ శాఖ పుస్తకాలు ముందేసుకుని చదివి నేర్చుకున్నారు, నేర్చుకుంటూనే రోగులను చూశారు.

పుస్తకాలతో, కత్తితో ఆయనకు తృప్తి కలగలేదు. శరీరంలో రసాయనాలు ఎలా పనిచేస్తాయో తెలియకుండా వ్యాధిని అర్థం చేసుకోలేమని గ్రహించారు. 1930 ప్రాంతంలో యూరప్ వెళ్లి లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ రాబిసన్ దగ్గర పనిచేశారు. ఎముక పెరగడంలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పాత్రను వెల్లడించినవారు రాబిసన్. ఆ పేరు గుర్తుంచుకోండి, మన కథలో అది మళ్లీ వస్తుంది. ఆ ఎంజైమ్‌ను కొలవడం అక్కడ నేర్చుకున్న వైద్యుడు పదేళ్ల తరువాత దానితోనే ఒక పెద్ద తలుపు తెరిచారు.

ఇప్పుడు ఆ గ్రంథి గురించి రెండు మాటలు. ప్రోస్టేట్ పురుషులకు మాత్రమే ఉండే గ్రంథి. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ అమరి ఉంటుంది. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత భాగాన్ని తయారు చేయడం దాని పని. వయసు పైబడిన చాలామందిలో అది ఉబ్బి మూత్రానికి అడ్డుపడుతుంది. ఆ ఉబ్బు ఎక్కువ మందిలో కాన్సర్ కాదు. కొందరిలో మాత్రం కాన్సర్ పుడుతుంది. ముదిరితే వెన్నెముకకు, కటి ఎముకలకు పాకుతుంది.

1930లలో ఆ దశకు చేరిన రోగికి వైద్యుడు చేయగలిగింది ఇంచుమించు ఏమీ లేదు. గ్రంథి వరకే ఉన్న కాన్సర్‌ను కొందరికి కోసి తీసేవారు. అయితే ఎక్కువమంది అప్పటికే ఆలస్యంగా వచ్చేవారు. ఎముకలకు పాకాక మార్ఫిన్ ఒక్కటే దిక్కు. మంచంలో ఒత్తిగిలితే నొప్పి, దగ్గితే నొప్పి. మూత్రం దిగక గొట్టంతో గడపవలసి వచ్చేది. మనిషి చిక్కి శల్యమయ్యేవాడు. కాన్సర్ కణం ఒకసారి తిరగబడితే శరీరం మాట ఇక వినదని, అది తనంతట తానుగా పెరుగుతూనే ఉంటుందని వైద్యలోకం నమ్మింది. అందువల్ల కత్తి, లేదా రేడియేషన్. ఆ రెండూ అందని చోట చేతులెత్తేయడమే.

హగ్గిన్స్ మొదట కాన్సర్ గురించి ప్రశ్న వేసుకోలేదు. ఆయన ప్రశ్న చాలా చిన్నది, నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడేది కూడా. వీర్యంలో ప్రోస్టేట్ నుంచి వచ్చే ద్రవం దేనితో తయారవుతుంది? అది ఎంత ఊరుతుంది? దాన్ని పెంచేదేమిటి, తగ్గించేదేమిటి? మర్యాదస్తులు మాట్లాడుకోని ఈ సంగతి మీద ఆయన ఏళ్ల తరబడి శ్రద్ధ పెట్టారు.

మనిషిలాగే వయసు మీద పడ్డప్పుడు ప్రోస్టేట్ ఉబ్బే జంతువు కుక్క. 1939 నాటికి హగ్గిన్స్, ఆయన సహచరులు కుక్కలో ప్రోస్టేట్‌ను మూత్రాశయం నుంచి శస్త్రచికిత్సతో వేరు చేసి, ఆ గ్రంథి ద్రవం మాత్రమే బయటకు వచ్చేటట్టు చేయగలిగారు. ఇక ఆ ద్రవాన్ని రోజూ పట్టి కొలవవచ్చు. వృషణాలు తొలగిస్తే ద్రవం ఆగిపోయింది, గ్రంథి కుంచించుకుపోయింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1935లో, శాస్త్రజ్ఞులు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను వేరుచేశారు, ప్రయోగశాలలో తయారు చేయడమూ నేర్చుకున్నారు. దాన్ని ఎక్కిస్తే ద్రవం మళ్లీ ఊరింది, గ్రంథి మళ్లీ పెరిగింది. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఇస్తే మళ్లీ తగ్గింది.

వృషణాలు తీసిన జంతువుల ప్రోస్టేట్ చిన్నదిగా ఉంటుందని 18వ శతాబ్దంలోనే స్కాట్లండు వైద్యుడు జాన్ హంటర్ గమనించారు. హగ్గిన్స్ దానికి కొలత తెచ్చారు. ఊహ వేరు, రోజుకింత చొప్పున రాసుకున్న లెక్క వేరు.

ఈ ప్రయోగాల మధ్యలో ఒక చిక్కు వచ్చింది. కొన్ని ముసలి కుక్కలకు ప్రోస్టేట్‌లో కణితులు ఉన్నాయి. అవి లెక్కలను పాడుచేసేవి, పరిశోధకులకు విసుగు పుట్టించేవి. అయితే వృషణాలు తీసినా, ఈస్ట్రోజెన్ ఇచ్చినా ఆ కణితులు కూడా చిక్కిపోతున్నాయని కనబడింది. అప్పుడు వారి చూపు మారింది. అంతవరకు వద్దనుకున్న కుక్కలనే ఏరికోరి వెతకడం మొదలుపెట్టారు. పనికి అడ్డమని విసుక్కున్నదే అసలు దారి చూపింది. సేవలో ఉన్న మనందరికీ ఇటువంటి రోజులు తెలుసు.

కుక్కలో చూసింది మనిషిలో జరుగుతుందా? దీనికి జవాబు చెప్పడానికి కొలబద్ద కావాలి. లోపల ఎముకల్లో ఉన్న కాన్సర్ తగ్గిందో పెరిగిందో పైకి కనబడదు. రోగి నొప్పి తగ్గిందని చెప్పినా అది మనసుకు కలిగిన ఊరటేమో తెలియదు. ఇక్కడ లండన్‌లో నేర్చుకున్న ఫాస్ఫటేజ్ చదువు అక్కరకు వచ్చింది. ప్రోస్టేట్‌లో ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ విపరీతంగా ఉంటుంది. ఆ కాన్సర్ ఎముకలకు పాకిన రోగుల రక్తంలో అది పెరుగుతుందని 1938లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గట్‌మన్, ఎథెల్ గట్‌మన్ దంపతులు చూపించారు. అంటే రక్తపు చుక్కలో ఆ ఎంజైమ్‌ను కొలిస్తే లోపలి వ్యాధి కదలిక తెలుస్తుంది. నేడు ల్యాబుల్లో చేస్తున్న పీఎస్‌ఏ పరీక్షకు దీనిని పెద్దన్న అనుకోవచ్చు.

హగ్గిన్స్, యువ వైద్యుడు క్లారెన్స్ హాడ్జెస్ కలిసి, కాన్సర్ ఎముకలకు పాకిన రోగులకు వృషణాలు తొలగించారు. కొందరికి ఈస్ట్రోజెన్ ఇచ్చారు. రక్తంలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ పడిపోయింది. పురుష హార్మోన్ ఎక్కించి చూస్తే అది పెరిగింది. ఇలా రెండు వైపులా పరీక్షించాక సందేహం మిగలలేదు. ఆ వ్యాసం 1941లో వెలువడింది. అదే సంవత్సరం, శస్త్రచికిత్స పొందిన 21 మంది రోగుల సంగతులతో మరో వ్యాసం వచ్చింది. వారిలో ఎక్కువమందికి మేలు కనబడింది. మార్ఫిన్ లేనిదే కదలలేని కొందరికి రోజుల్లోనే నొప్పి తగ్గింది. ఆకలి పుట్టింది, ఒళ్లు చేసింది, మంచం దిగి నడిచారు. తొలినాళ్ల ఆ రోగులలో కొద్దిమంది 12 ఏళ్లకు పైగా జీవించారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. వ్యాధిని పెంచే హార్మోన్‌ను రోగికే ఎక్కించి చూడడం నేటి మనస్సాక్షికి కష్టంగా తోస్తుంది. ఇప్పుడైతే అటువంటి ప్రయోగానికి నైతిక సంఘం అనుమతి, రోగి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. ఆనాటి వైద్యలోకం వేరు. మేలు పొందిన మనం ఆ తొలి రోగులకు కూడా ఋణపడి ఉన్నాము. వారి పేర్లు ఎక్కడా లేవు.

ఈ ఫలితం ఎందుకు అంత పెద్దది? కాన్సర్ కణం పూర్తిగా ఎదురు తిరిగినది కాదని, కొన్ని కాన్సర్లు శరీరం పంపే హార్మోన్ల సంకేతాల మీదనే ఆధారపడి బ్రతుకుతాయని, ఆ సంకేతం ఆపితే అవి చిక్కిపోతాయని మనిషిలో అంకెలతో రుజువైంది. కత్తి చేరలేని ఎముకల్లోకి రక్తం ద్వారా వైద్యం చేరింది. అదే కాలంలో, అదే దేశంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లే ప్రయోగశాలలో తయారు చేసిన మందుతో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947-48లో రక్తకాన్సర్ ఉన్న పిల్లలకు చికిత్స చేశారు. ఒకరిది హార్మోన్ల దారి, మరొకరిది రసాయనాల దారి. కాన్సర్‌ను మందుతో ఎదుర్కోవచ్చన్న నమ్మకం ఆ దశాబ్దంలోనే వేళ్లూనుకుంది.

ఈస్ట్రోజెన్ పని చేసే చవకైన మాత్ర కూడా అప్పటికే దొరికింది. లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం 1938లో తయారు చేసిన స్టిల్‌బెస్ట్రాల్ అది. ప్రజల సొమ్ముతో జరిగిన పరిశోధన కనుక దానికి పేటెంటు తీసుకోలేదు. ఆపరేషన్ వద్దనుకున్న రోగి మాత్ర మింగి అదే ఫలితం పొందవచ్చు. నోటి ద్వారా తీసుకునే మాత్ర కాన్సర్‌ను అణచడం అప్పటి వారికి వింత.

అయితే ఈ కథను ఇక్కడే ముగిస్తే మేము అబద్ధం చెప్పినట్టవుతుంది. చాలామంది రోగులలో కొంత కాలానికి వ్యాధి తిరిగి వచ్చింది. ఆ సంగతిని హగ్గిన్స్ దాచలేదు, కారణం వెతికారు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా కొంత పురుష హార్మోన్ తయారు చేస్తాయి కనుక వాటినీ తొలగించి చూశారు. అడ్రినల్ గ్రంథులు లేకుండా మనిషి బ్రతకలేడు. వాటి లోటు తీర్చే కార్టిసోన్ అప్పటికి అందుబాటులో లేదు. 1940ల మధ్య జరిగిన ఆ తొలి ప్రయత్నాలు విఫలమయ్యాయి. కార్టిసోన్ వచ్చాక, 1951లో డాక్టర్ డెల్బర్ట్ బెర్గెన్‌స్టాల్‌తో కలిసి మళ్లీ ప్రయత్నించినప్పుడు, ముదిరిన రొమ్ము కాన్సర్ ఉన్న కొందరు స్త్రీలకు ఉపశమనం కలిగింది. స్టిల్‌బెస్ట్రాల్ మాత్రకూ వెల ఉంది. పెద్ద మోతాదులో అది గుండెకు, రక్తనాళాలకు ముప్పు తెస్తుందని అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 1960లలో తేల్చింది.

మరో వెల ఉంది. దాని గురించి పుస్తకాలు తక్కువ మాట్లాడతాయి. వృషణాలు తీయించుకున్న పురుషుడికి ఒంట్లో ఆవిర్లు, నీరసం, దాంపత్య జీవితంలో మార్పు, ఎముకల బలహీనత వస్తాయి. వాటన్నిటికంటే బరువైనది తాను మగవాడిని కానేమో అన్న కుంగుబాటు. నేటి ఇంజెక్షన్ కూడా కత్తి లేకుండా అదే పని చేస్తుంది కనుక ఈ బాధలు దానికీ వర్తిస్తాయి. ఇటువంటి రోగి పక్కన కూర్చున్నప్పుడు మాకు అపొస్తలుల కార్యములలోని ఐతియొపీయుడైన నపుంసకుడు జ్ఞాపకం వస్తాడు. లోకం తక్కువ చేసి చూసిన ఆ మనిషి రథం ఎక్కి పక్కన కూర్చున్నవాడు ఫిలిప్పు. బాప్తిస్మానికి అతనికి ఏ ఆటంకమూ లేకపోయింది. ఆ రథంలో ఫిలిప్పు కూర్చున్న చోటు మన సంఘాల్లో కాపరులది, పెద్దలది.

1951లో అలబామా రాష్ట్రంలోని మొబీల్ పట్టణపు కలప వ్యాపారి బెన్ మే ఇచ్చిన సహాయంతో షికాగోలో బెన్ మే కాన్సర్ పరిశోధనాలయం వెలిసింది. 1969 వరకు హగ్గిన్స్ దానికి అధిపతి. అధిపతి అంటే బల్ల వెనుక కుర్చీలో కూర్చునేవారు కాదు. తన చేతులతో ఎలుకలను పట్టుకుని, తన చేతులతో పరీక్షలు చేసేవారు. పెద్ద పెద్ద బృందాలు, పొడవైన సమావేశాలు ఆయనకు గిట్టవు. ఇద్దరు ముగ్గురు సహచరులు, ఒక స్పష్టమైన ప్రశ్న ఉంటే చాలు. పనివేళ దాటితే బాక్, మొజార్ట్ సంగీతం వినేవారు.

ఆ ఇంటి నీడలో పెరిగినవారిలో ఎల్వుడ్ జెన్సన్ ఒకరు. ఈస్ట్రోజెన్ తన పని చేయడానికి కణంలో పట్టుకునే గ్రాహకాన్ని ఆయన చూపించారు. మన సంఘాల్లో రొమ్ము కాన్సర్‌కు చికిత్స పొందిన అక్కచెల్లెళ్ల రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అనో, ఈఆర్ నెగెటివ్ అనో రాసి ఉంటుంది. ఆ రెండక్షరాలు జెన్సన్ పని నుంచి వచ్చినవి. ఏ స్త్రీకి హార్మోన్ మాత్రలు పనిచేస్తాయో, ఎవరికి పనిచేయవో డాక్టరు ముందే తెలుసుకునేది వాటి వల్లనే. పురుషుల గ్రంథి మీద మొదలైన ప్రశ్న స్త్రీల ప్రాణాలకు కూడా కాపు కాసింది.

1966లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు హగ్గిన్స్‌కు 65 ఏళ్లు. ఆయనతో దాన్ని పంచుకున్న పేటన్ రౌస్‌కు 87 ఏళ్లు. కోళ్లలో వైరస్ వల్ల కణితి పుడుతుందని రౌస్ 1911లోనే చూపించి 55 ఏళ్లు ఎదురుచూశారు. హగ్గిన్స్ నిరీక్షణ 25 ఏళ్లు. ఈ జాప్యానికి ఒక కారణం చెబుతారు. 1926 సంవత్సరపు బహుమతిని యోహన్నెస్ ఫిబిగర్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడికి, పురుగుల వల్ల ఎలుకల కడుపులో కాన్సర్ పుడుతుందన్న పరిశోధనకు ఇచ్చారు. అది తరువాత నిలబడలేదు. ఆ దెబ్బతో కాన్సర్ పేరెత్తితేనే బహుమతి సంఘం వెనుకాడింది. 40 ఏళ్ల తరువాత ఈ ఇద్దరితో ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది.

బహుమతి తరువాత కూడా ఆయన ప్రయోగశాల వదలలేదు. 1972 నుంచి 1979 వరకు తాను చదివిన అకేడియా విశ్వవిద్యాలయానికి చాన్సలర్‌గా సేవ చేశారు. 19 ఏళ్లకు ముందే ఆ గడప దాటి వెళ్లిన కుర్రవాడు డెబ్బై ఏళ్ల పెద్దగా తిరిగి వచ్చి అక్కడి పిల్లలకు పట్టాలు పంచారు. 1983లో మార్గరెట్ కన్నుమూశారు. ఆ తరువాత కూడా వృద్ధాప్యం అనుమతించినంత కాలం ప్రయోగశాలకు వెళుతూనే ఉన్నారు. 1997 జనవరి 12న షికాగోలో, 95వ ఏట, తుదిశ్వాస విడిచారు.

హగ్గిన్స్‌ను పరిశుద్ధుల జాబితాలో చేర్చాలని మేము ఇది రాయడం లేదు. ఆయన జీవితంలో మమ్మల్ని పట్టుకున్నది ఒక్కటే. అందరూ ముఖం తిప్పుకున్న చోట ఆయన తేరిపార చూశారు. ఎవరూ కోరుకోని శాఖ, ఎవరూ పేరెత్తని గ్రంథి, ఎవరూ మాట్లాడని ద్రవం, ఎవరూ ఆశ పెట్టుకోని రోగులు. సిగ్గుపడి చూపు మరల్చుకుని ఉంటే ఆ ఎంజైమ్ ఎవరి రక్తంలో ఎలా పడిపోతుందో తెలిసేది కాదు, మన పెద్దాయనకు ఆ రెండేళ్లు దొరికేవీ కావు. ఆ ఇంజెక్షన్ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ద్వారా వృషణాలను పని ఆపేటట్టు చేస్తుంది. దానికి కావలసిన మెదడు హార్మోన్‌ను వెలికితీసినందుకు ఆండ్రూ షాలీ 1977లో నోబెల్ పొందారు. పురుష హార్మోన్ ఆపితే ఈ కాన్సర్ అణుగుతుందన్న మూల సత్యం మాత్రం హగ్గిన్స్ 1941లో చూపినదే.

అందుకని మన సంఘాల్లోని పురుషులకు, ముఖ్యంగా యాభై దాటినవారికి ఒక మనవి. రాత్రిళ్లు పదే పదే లేవవలసి వస్తున్నా, మూత్రం ఆగి ఆగి వస్తున్నా, అందులో రక్తం కనబడినా, నడుము, తుంటి ఎముకల నొప్పి వారాల తరబడి వదలకపోయినా డాక్టరుకు దాచకుండా చెప్పండి. చాలామందికి అది మామూలు ఉబ్బే అయి ఉంటుంది, మందులతో సర్దుకుంటుంది. ఈ కాన్సర్ తొలిదశలో ఏ గుర్తూ చూపకపోవచ్చు కనుక, తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే పరీక్ష అవసరమా అని ముందే అడగండి. బయటపడిన ప్రతి కాన్సర్‌కూ వెంటనే చికిత్స అక్కరలేదు కూడా. ఆ నిర్ణయం మీరు, డాక్టరు కలిసి తీసుకోవలసినది.

ఇంట్లోని ఆడవారికీ ఒక మాట. ఆయన చెప్పరు, మీకు తెలుస్తుంది. పరువు పోతుందని మీరూ మౌనంగా ఉండకండి. కొడుకులారా, నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు డాక్టరు దగ్గర ఆయనను కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీ ముందు చెప్పలేనిది అక్కడ చెబుతారు.

కాపరులమైన మేము కూడా నేర్చుకోవలసినది ఉంది. నడుము నొప్పి అని విన్నప్పుడు ప్రార్థించి లేచి వచ్చేముందు, తలుపు దగ్గరగా వేసి, ఇంకేమైనా బాధ ఉందా అయ్యగారూ అని ఒక్క మాట అడగాలి. ఆ పెద్దాయన ఇంట్లో ఆరు నెలల పాటు మేము అడగని మాట అదే.